పైడి జైరాజు: బొంబాయి తెరపై కరీంనగర నటుడు

సిద్దిపేట పట్టణము హైదరాబాదునకును కరీంనగరమునకును నడుమ బాటపై నున్నది. చదువులకై, వ్యాజ్యములకై, వర్తకమునకై ఈ బాటను పోయినవారును, మగ్గపు పనికై షోలాపూరు, భీవండి, బొంబాయి పట్టణములకు వలసపోయి అచ్చటనే స్థిరపడిన పద్మశాలీలును లేని గ్రామము ఈ ప్రాంతమున నరుదు. అట్లు కరీంనగరమునుండి వెడలి, హైదరాబాదున చదివి, బొంబాయి చేరి, మూకచిత్రముల కాలమున తెరపై నడుగిడి, దాదాపు అరువది యేండ్లు ఆ రంగముననే నిలిచిన నటుడు శ్రీ పైడి జైరాజు. చలనచిత్ర కళాసేవకు భారత ప్రభుత్వ మిచ్చు అత్యున్నత గౌరవమగు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము 1980వ సంవత్సరమునకు ఆయనకు లభించెను. తెలుగువారిలో అంతకు పూర్వము దాని నందినది 1974లో శ్రీ బి. ఎన్. రెడ్డి గారొక్కరే, తెలుగు కుటుంబమున పుట్టిన నటులలో మొదట నందినది జైరాజే. అయినను పృథ్వీరాజు కపూరు, అశోక కుమారుల పేర్లు నోటికి వచ్చు మన పట్టణవాసులలో ఈ పేరు నెరిగినవారు కొలదిమంది. దీనికి కారణము ఆయన నటనలో నున్నదా, మన లెక్కలలో నున్నదా యని విచారించుట యుక్తము.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచినది. సరిగా సంవత్సరము నిండిన దినమున, అనగా 1909 సెప్టెంబరు 28న, కరీంనగరమున జైరాజు జన్మించెను. ఇంటిపేరు పైడిపాటి, వ్యవహారమున పైడి యైనది. సరోజినీ నాయుడు గారి భర్తయగు డాక్టరు గోవిందరాజులు నాయుడు గారి వంశముతో ఈ కుటుంబమునకు బంధుత్వము కలదనియు, జైరాజు ఆమెకు మేనల్లుని వరుస యగుననియు ప్రసిద్ధి. ఆ బంధుత్వము ఆయన కేమి యొడగూర్చినదో కాని, సినిమా కంపెనీలలో గుర్రపుస్వారికిని కత్తిసాముకును బంధువుల సిఫారసు చెల్లదు.

ఆనాటి నిజాము రాజ్యమున జనులలో దాదాపు సగము మందికి మాతృభాష తెలుగు. కాని కచ్చేరీ భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు ఉర్దూయే. పటేలు పట్వారీలు మొదలు వకీళ్ల వరకు ఎవరికి పొట్ట గడువవలెనన్నను ఉర్దూ రావలసినదే. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో శ్రీ అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగున మాటలాడ నిలువబోగా సభాసదులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. 1926లో శ్రీ సురవరము ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రికను నెలకొల్పిరి. ఇది మన చరిత్రలో అందరు చెప్పుకొను కథ. జైరాజు చిన్నతనము గడచినది ఈ సంవత్సరములలోనే. తెలుగు నోటికి తాళము వేసిన ఆ యుర్దూయే ఈ యొక్క బాలునికి పదియేండ్ల పిమ్మట జీవనాధారము కాగలదని అప్పుడెవ్వరూహింతురు?

ఆయన హైదరాబాదున నిజాం కళాశాలలో చదివెను. రాజ్యములోని తక్కిన విద్యాలయములకు భిన్నముగా ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, ఇంగ్లీషున బోధించుచుండెను. కనుక ఇరువదియేండ్లు నిండునప్పటికి ఆయనకు ఇంటి తెలుగును, ఊరి యుర్దూయును, కళాశాల యింగ్లీషును వశమైనవి.

నటుడు కాదలచిన యువకునికి హైదరాబాదుననే చోటు లేకపోయెనా యని యడుగవచ్చును. చోటుండెను, పోయెను. వంగదేశీయుడగు శ్రీ ధీరేంద్రనాథ గంగూలీ 1922లో హైదరాబాదున లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించి కొన్ని మూకచిత్రములను తీసెను. 1924లో ఆయన రజియా బేగము చిత్రమును ప్రదర్శించెను. ముసల్మాను రాణి హిందువును ప్రేమించు కథ యది. ప్రభుత్వము కినిసి, ఆయనను రాజ్యమునుండి వెడలనంపెను. అంతటితో మన రాజధానిలో చిత్రనిర్మాణము చాలకాలము అడుగంటెను. ఆ గంగూలీకే 1975లో ఫాల్కే పురస్కారము వచ్చినది. హైదరాబాదు పొమ్మన్నవాడును, హైదరాబాదున చోటులేక పోయినవాడును ఐదేండ్ల తేడాతో ఒకే గౌరవమును పొందిరి.

1929 నాటికి జైరాజు బొంబాయిలో నుండెను. ఆ యేట జగమగాతీ జవానీ యను మూకచిత్రమున తొలిసారి తెరపై కనిపించెను. 1930లో రసీలీ రాణి చిత్రమున నాయకుడయ్యెను. ఆ కాలపు సినిమా నేటివారికి ఊహకందదు. చిత్రమునకు మాట లేదు, కథను నడుమనడుమ పలకలపై వ్రాసి చూపెడివారు. నటుడు నెలజీతగాడు. గుర్రమెక్కుట, గోడ దూకుట, కత్తి త్రిప్పుట ఇతరులచే చేయించుట యరుదు. నటుని ధనము దేహమే. జైరాజు పొడగరి, వ్యాయామశీలి, కండ తిరిగినవాడు. పదికి పైగా మూకచిత్రములలో ఆయనకు పని దొరకుటకు ఇది చాలెను.

1931 మార్చి 14న బొంబాయిలో ఆలం ఆరా విడుదలయ్యెను. తెర మాటలాడ నేర్చినది, నటుల తలవ్రాతలు తారుమారైనవి. మూకచిత్రములలో రాణియై వెలిగిన సులోచన, అనగా రూబీ మైయర్సు, హిందూస్తానీ సరిగా రాకపోవుటచే కొంతకాలము తెర విడిచి భాష నభ్యసింపవలసి వచ్చెను. అందము, దేహబలము, ఖ్యాతి కలిగియు నాలుక తిరుగక తెరమరుగైనవా రెందరో. ఈ యేటిలో జైరాజు తడియకుండ దాటెను. కరీంనగరమునను హైదరాబాదునను గాలితోపాటు పీల్చిన భాష అప్పుడక్కరకు వచ్చినది. 1932లో షికారీ యను టాకీతో ఆయన మాటలాడు తెరపైకి వచ్చెను. మహారాష్ట్ర, గుజరాతు, వంగదేశములనుండి వచ్చినవారు కష్టపడి నేర్చుకొనిన ఉచ్చారణ ఆయనకు బాల్యముననే అబ్బినది. దక్కను యాసను దిద్దుకొనుట మాత్రమే మిగిలియుండవచ్చును.

ఇచ్చట మరియొక విషయము స్మరణీయము. అదే 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వెలువడినది. అదియు బొంబాయిలోనే తీయబడినది. ఏలూరు ప్రాంతపు రైతుబిడ్డ యగు శ్రీ ఎల్. వి. ప్రసాదు ఇల్లు విడిచి బొంబాయి చేరి, ఆలం ఆరాలోను, భక్త ప్రహ్లాదలోను చిన్న వేషములు వేసెను. ఇద్దరు తెలుగు యువకులు, ఒకే నగరము, ఒకే కాలము. ప్రసాదు పిదప మద్రాసునకు మరలి తెలుగు చిత్రములకు పెద్దదిక్కయ్యెను. జైరాజు మరలలేదు. మరలి ఎచ్చటికి పోవలెను? హైదరాబాదున స్టూడియో లేదు. మద్రాసు తెలుగు చిత్రములు సర్కారు జిల్లాల నాటక సమాజములనుండి పుట్టినవి. పద్యము పాడగల నటులకు అచ్చట గిరాకి. ఉర్దూ చదువరి యగు నిజాము రాజ్యపు యువకునికి ఆ ద్వారము తెరువబడి యుండలేదు. ఆయన తెలుగును విడిచెనని నిందించుటకు ముందు ఈ సంగతి తలపవలెను.

1934లో హిమాంశు రాయి, దేవికారాణి దంపతులు స్థాపించిన బాంబే టాకీసు ఆనాడు దేశమున అగ్రగణ్యమైన సంస్థ. జర్మను దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ అచ్చట తీసిన భాభీ (1938) చిత్రమున జైరాజు నాయకుడు, రేణుకాదేవి నాయిక. స్వామి, తమన్నా, ప్రేమ సంగీత్ మొదలగు చిత్రముల పిదప 1943లో హమారీ బాత్ వచ్చెను. దేవికారాణి నటించిన కడపటి చిత్రమది, నాయకుడు జైరాజు. దేవికారాణి వంగకన్య యైనను పుట్టినది విశాఖపట్టణపు వాల్తేరులో. వాల్తేరున పుట్టిన నాయికయు, కరీంనగరమున పుట్టిన నాయకుడును బొంబాయి తెరపై ప్రేమించుకొనిరి. తెలుగు మాట యొక్కటియు అందు లేదు! అదే చిత్రమున ఇంకను పేరు రాని రాజకపూరు చిన్న వేషము ధరించెను.

నటుడుగ నున్నవానికి ఆ సంస్థ దర్శకత్వము నప్పగించుట ఆయన జీవితమున ముఖ్యఘట్టము. 1945లో ప్రతిమ యను చిత్రమును జైరాజు దర్శకత్వమున బాంబే టాకీసు నిర్మించెను. నాయిక స్వర్ణలత, నాయకుడు దిలీప కుమారు. పెషావరునుండి వచ్చిన ఆ యువకునికి అది రెండవ చిత్రము. అంతకుముందటి జ్వార్ భాటా (1944) ఆయనకు పేరు తేలేదు. ప్రతిమయు గొప్ప విజయము కాలేదు. అయినను తరువాత దేశమంతట పేరుమోసిన నటుని తొలి యడుగులను దిద్దినవారిలో మన కరీంనగరవాసి యొకడనుట చరిత్ర. ఈ మాట దిలీప కుమారుని గురించి వ్రాయువారు ఒక పంక్తిలో చెప్పి విడుతురు. మనవారు ఆ పంక్తియు చెప్పరు.

సొమ్ము చేతికందిన నటులందరివలెనే ఆయనయు నిర్మాత కావలెనని యాశించెను. ఆంగ్లకవి టెన్నిసను వ్రాసిన ఈనక్ ఆర్డెన్ కథ నాధారముగా చేసికొని 1951లో సాగర్ చిత్రమును తీసెను. సముద్రమునకు పోయి చాలకాలమునకు తిరిగివచ్చిన భర్త, తన భార్య మరియొకని పెండ్లాడి సుఖముగ నుండుటను చూచి, తన్ను తెలుపుకొనక మరణించు కథ యది. నర్గీసు, భారత భూషణుల వంటి పేరుగల నటులున్నను చిత్రము పరాజయము పొందెను. భర్త తిరిగివచ్చినను చెప్పుకొనకుండుట మన ప్రేక్షకులకు రుచింపలేదేమో. సినిమాలో పెట్టిన సొమ్ము పంటచేనిలో పెట్టిన సొమ్ము వంటిది కాదు: ఒక యేడు ఎండినచో మరుసటి యేడు వాన కురియునను నమ్మకము అచ్చట లేదు. నాటి నల్లగొండ జిల్లా కోదాడ ప్రాంతపు కాంతారావు గారును ఇట్లే నిర్మాతయై భూములు పోగొట్టుకొనిరి. తెలంగాణము సినిమాకిచ్చిన కత్తివీరు లిద్దరు: ఒకరు పడమరకు పోయిరి, ఒకరు దక్షిణమునకు పోయిరి, ఇద్దరును నిర్మాణమునకు దిగి నష్టపోయిరి.

సాగర్ దెబ్బ తరువాత జైరాజు తన బలమునకు తిరిగివచ్చెను. ఆ బలము కత్తి, కవచము, గుర్రము. 1956లో హోమీ వాడియా రంగులలో తీసిన హాతిం తాయి చిత్రమున ఆయన దానవీరుడగు అరబ్బు నాయకుడు, నాయిక షకీలా. ఆ చిత్రము ఊరూర ఆడినది. 1957లో అమరసింహ రాథోడు, 1959లో పృథ్వీరాజు చౌహాను, టిప్పు సుల్తాను, 1960లో వీర దుర్గాదాసు, 1961లో జయ చితోడు చిత్రమున రాణా ప్రతాపుడు, 1962లో హైదరాలీ, 1963లో చంద్రశేఖర ఆజాదు. ఏడేండ్లలో ఒకే దేహమున ఇందరు వీరులు నివసించిరి. వీనిలో కొన్నిట నిరుపారాయి ఆయనకు జోడి.

ఈ చిత్రముల విలువ గురించి అతిశయోక్తి వలదు. పెద్ద కంపెనీలు రంగులకు, విలాసములకు లక్షలు వెచ్చించుచున్న కాలమున ఇవి తక్కువ పెట్టుబడితో తీయబడినవి. కోటలు అట్టకోటలు, సైన్యములు పదిమంది. మోతీలాలు, బలరాజు సాహనీల వంటి సహజ నటన జైరాజునందు వెదకువాడు నిరాశపడును. ఆయన నిలిచెడి తీరు, పలికెడి తీరు నాటకశాలలోని రాజువలె నుండెడిది. కాని ఆ చిత్రములను చూచినవారు మల్టీప్లెక్సు ప్రేక్షకులు కారు. జిల్లా పట్టణపు రేకుల షెడ్డులలోను, జాతరలలో గుడారము క్రిందను నేలపై కూర్చుండి చూచిన జనులు వారు. చరిత్ర పుస్తకము చదువని వారికి ప్రతాపుడు, టిప్పు, ఆజాదు ఎట్లుందురో తెలిపినది ఆ ముఖమే. స్వరాజ్యము వచ్చి పదునైదేండ్లైనను నిండకముందు, దేశము ముక్కలైన గాయ మింకను పచ్చిగా నున్నప్పుడు, రాజపుత్రవీరునిగాను, మైసూరు సుల్తానుగాను ఒకే నటుడు కనిపింపగా, రెంటికిని ప్రేక్షకులు చప్పట్లు కొట్టిరి. ఉపన్యాసములు సాధింపలేని ఈ పనిని అట్టకోటలు కొంత సాధించినవని మా యభిప్రాయము.

మరియొక విశేషము. దేశమందలి వీరులనందరను ధరించిన ఆయనకు తెలుగు వీరుని పాత్ర తగులలేదు. కాకతీయుల కథ బొంబాయివారికి పట్టలేదు. పట్టియున్నచో ఓరుగల్లుకోట వాకిట గుర్రముపై నుండుటకు ఆయనకన్న తగినవా డా నగరమున ఎవ్వడు?

విదేశీయులును ఆయనను పిలిచిరి. గాంధీజీ హత్యను కథగా కొని అమెరికావారు తీసిన నైన్ అవర్స్ టు రామ (1963) చిత్రమున ఆయన ఘనశ్యామదాసు బిర్లా పాత్రను ధరించెను. ఆ చిత్రము భారతదేశమున నిషేధింపబడుటచే మనవారికి చూచు నవకాశము కలుగలేదు. 1966లో భారతదేశముననే తీసిన మాయా యను అమెరికను చిత్రమునను ఆయన నటించెను. నిజాం కళాశాల యింగ్లీషు ఇచ్చట పనికివచ్చినది.

వయసు మీరగా నాయక వేషములు పోయినవి. కొందరు నటులు అంతటితో తలుపు మూసికొని పాత పత్రికలను తిరుగవేయుచు కూర్చుందురు. జైరాజు అట్లు చేయలేదు. న్యాయాధిపతి, వైద్యుడు, తండ్రి, పోలీసు అధికారి, ఏ వేషము వచ్చినను రెండు దృశ్యములకైనను పోయి నిలిచెను. 1975లో షోలే చిత్రమును మన ఊర లెక్కకు మించి చూచినవారు కలరు. అందలి పోలీసు కమీషనరు కరీంనగరపు మనిషి యని వారెరుగరు. తెరపై పేరు జైరాజు అని మాత్రమే పడెడిది. పైడి యను ఇంటిపేరు కనబడనందున ఏ రాష్ట్రమువారికైనను ఆయన తమవాడుగ తోచియుండును. తెలుగువారికి మాత్రము తోచలేదు.

1980వ సంవత్సరము మనకు చిత్రమైన సంవత్సరము. ఫాల్కే పురస్కారము జైరాజునకు వచ్చిన ఆ యేటనే, నేటి సిద్దిపేట జిల్లాలో చేరిన ప్రజ్ఞాపురము వాస్తవ్యులగు శ్రీ బి. నరసింగరావు గారు నిర్మించిన మా భూమి విడుదలయ్యెను. తెలంగాణపు పల్లె, తెలంగాణపు భాష, తెలంగాణపు రైతు పోరాటము తెరపైకి వచ్చినవి. జైరాజు బొంబాయికి పోయిన యాబది యేండ్లకు గాని ఆ భాషకు తెరపై నిండుగ చోటు దొరకలేదు. ఆయన నోట తెలుగు ఏల వినబడలేదని యడుగువారు ఈ యాబది యేండ్లను లెక్కలోనికి తీసికొనవలెను.

మన సినిమా చరిత్రకారులు తెలుగు చిత్రముల చరిత్రను వ్రాసిరి గాని, చిత్రములలోని తెలుగువారి చరిత్రను వ్రాయలేదు. రఘుపతి వెంకయ్య గారితో ఆరంభించి మద్రాసు స్టూడియోల మీదుగా హైదరాబాదునకు వచ్చు ఆ కథలో, భాష మారిన మరుక్షణమే మనిషి జారిపోవును. వంగీయులు అట్లు చేయలేదు. బొంబాయిలో హిందీ చిత్రములు తీసిన హిమాంశు రాయిని, నితిన్ బోసును తమవారిగనే లెక్కింతురు. షోలాపూరున నేయు మన సాలెవాని చీర మరాఠీ చీర యని మన మనము. ఈ న్యాయము నటునికేల వర్తింపదు? అటులని ఆయన తెలుగు చిత్రసీమను నిర్మించెనని బడాయి చెప్పుటయు తగదు. ఆయన పని హిందీ చిత్రసీమలో జరిగినది. ఆ పనికి కావలసిన నాలుకను, దేహమును ఇచ్చినది ఈ నేల. ఇంతవరకు చెప్పిన చాలును, ఇదియే సత్యము.

2000 ఆగస్టు 11న ఆయన బొంబాయిలో మరణించెను. తొంబదియొకటవ యేడు నడుచుచుండెను. ఆయన మూకచిత్రములను చూడగోరువారికి దారి కష్టము. దేశమున తీసిన వేయికి మించిన మూకచిత్రములలో మిగిలినవి ముప్పదికి లోపే. కొన్ని తగులబడినవి, కొన్నిటి ఫిలిమును వెండికై కరగించిరి. టాకీలలో పలువురి యొద్ద చెదరియున్నవి కొన్ని కలవు.

2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట హైదరాబాదు రవీంద్రభారతిలోని చిన్న ప్రదర్శనశాలకు పైడి జైరాజు పేరు పెట్టిరి. తెలంగాణ యువకులు తీసిన లఘుచిత్రములను అచ్చట ప్రదర్శింప మొదలిడిరి. ఇది మంచిపని. ఆ శాలలోని తెరపై ఆయన చిత్రములును ఆడవలెను. హాతిం తాయి, అమరసింహ రాథోడు, జయ చితోడు ఇంకను దొరకునవే. పూనాలోని జాతీయ చలనచిత్ర భాండాగారముతో మాటలాడి, దొరకినవానికి మంచి ప్రతులు సంపాదించి, ఏటేట సెప్టెంబరు 28న కరీంనగరమునను, సిద్దిపేటలోను ఒక్కొక్క ఆట వేయించుటకు భాషా సాంస్కృతిక శాఖవారికి పెద్ద వ్యయము కాదు.